నల్లరంగు కూడా రంగే

జైతూన్ పుట్టింది ఢిల్లీలో, గుడ్డలకి రంగులు వేసే రంగరేజుల వీధిలో. ఆ వీధి కాలువ ఒకపూట నీలంగా, ఇంకోపూట ఎర్రగా పారేది. ఎవరింట్లో ఏ పని నడుస్తోందో కాలువను చూసే చెప్పేసేవాళ్ళు. ఆమె నడక నేర్చింది నీలిమందు బానల మధ్య. పిల్ల ఎక్కడ బానలో పడుతుందోనని తల్లి ఆమె నడుముకు తాడు కట్టి పందిరి గుంజకు ముడేసేది. పిల్ల ఏడవలేదు, అరవలేదు. పొద్దంతా కూర్చుని ఆ తాడును పళ్ళతో కొరికేసింది. తాడు తెగాక బాన దగ్గరికి పోయిందా అంటే అదీ లేదు, ఆ గుంజ పక్కనే ఆడుకుంటూ కూర్చుంది. ఈ సంగతి ఆమె పెళ్ళినాటికి కూడా వీధిలో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ఊరంతా తెల్లబట్టలు కట్టే కాలం అది. అమీర్ల దగ్గర్నుంచి గాడిదలు తోలేవాళ్ళదాకా ఒంటిమీద తెలుపే. రంగు అంటే డేరాలకి, గుర్రాల జీనుగుడ్డలకి, పల్లకీ తెరలకి, పెళ్ళికూతురి మేలిముసుగుకి. మనిషి తొడుక్కునే అంగీకి రంగు పడిందంటే అర్థం ఒకటే, వాడికి అన్యాయం జరిగింది. సుల్తాను పెట్టిన చట్టం అది. అన్యాయం జరిగినవాళ్ళు రంగు అంగీ తొడుక్కుని దర్బారు రోజున కోట ఆవరణలో నిలబడాలి. తెల్లటి గుంపులో రంగు కనబడిన చోటికి హాజిబ్, అంటే దర్బారు వాకిలి చూసే పెద్ద, తన మనుషుల్ని పంపాలి. వాళ్ళు లోపలికి తీసుకెళ్ళి ఫిర్యాదు వినిపించాలి. ఆవరణలో ఉన్నంతసేపూ రంగు అంగీవాణ్ణి ఎవరూ ముట్టకూడదు. చదువు రానివాడికి, గొంతు పెగలనివాడికి, లంచం ఇచ్చుకోలేనివాడికి కూడా అంగీ ఒకటి ఉంటుంది కదా.

అందుకని రంగరేజుల వీధిలో ఒక మర్యాద పాటించేవాళ్ళు. ఫిర్యాదు అంగీ పట్టుకొచ్చినవాణ్ణి ఏమైందని అడగకూడదు. కూలి పుచ్చుకోకూడదు. ఏ రంగు వెయ్యమంటావని మాత్రం అడగాలి. ఎక్కువమంది ఏదైనా సరే అనేవాళ్ళు. ఒకసారి ఒక ముసలాయన గడపమీద కూర్చుని సాయంత్రందాకా ఆలోచించి చిలకపచ్చ అన్నాడు. చిన్న జైతూన్ కిసుక్కున నవ్వితే తండ్రి నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు. దోచుకోబడ్డ మనిషికి అదొక్కటే తనిష్టప్రకారం ఎంచుకునేదని అప్పుడు ఆయన కోపంగా చెప్పాడు. ఆ మొట్టికాయ ఆమె మరిచిపోలేదు.

ఆమె మొగుడు ఇద్రీస్ ఆ వీధివాడే. మాట నోటిదాకా రావడానికి ఒక పూట పట్టే మనిషి. జైతూన్ మాటలు ఇద్దరికీ సరిపోయేవి. వాళ్ళకి సకీనా పుట్టింది. పళ్ళు వచ్చే రోజుల్లో ఆ పిల్ల చేతికందిందల్లా నోట్లో పెట్టుకునేది. ఇంట్లోనేమో పటిక, నీలిమందు, సున్నం. జైతూన్‌కి ప్రాణం అరచేతిలో పెట్టుకుని బతికినట్టుండేది. తన తల్లి కట్టిన తాడు ఎందుకో ఆమెకు అప్పుడు అర్థమైంది. అయినా పిల్లకి తాడు కట్టలేదు, చంకలోనుంచి దించకుండా పని చేసుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ధాన్యం సంతమీద కొత్త అధికారి వచ్చాడు. అలాంటి అధికారిని షహ్నా అనేవాళ్ళు. ఈయన పేరు తుగాన్. బళ్ళు ఆపడం, ఎద్దులు లాక్కోవడం, నచ్చినవాడికి నచ్చినట్టు తూచడం మొదలుపెట్టాడు. సహజంగానే ఫిర్యాదు అంగీలు పెరిగాయి. తుగాన్ తెలివైనవాడు, సుల్తాను చట్టం జోలికి పోలేదు. రంగరేజుల పెద్ద మక్కూ చౌధరిని పిలిచి కూర్చోబెట్టి, షర్బత్ ఇచ్చి, ఒక చిన్న సాయం అడిగాడు. ఎవరైనా అంగీకి రంగు వేయించుకోడానికి వస్తే, వేసేముందు తన మనిషి చెవిన ఒక్క మాట వెయ్యాలి. అంతే.

చౌధరి వీధివాళ్ళందర్నీ పోగుచేసి ఆ సంగతి చెప్పాడు. రంగు వెయ్యొద్దనలేదు కదా అన్నాడు. మనకీ పిల్లలున్నారన్నాడు. అందరూ నేల చూపులు చూస్తుంటే వెనకనుంచి జైతూన్ లేచింది.

"మామా, మనం ముందే చెప్పేస్తే వాడు కోటదాకా పోతాడా?"

"పోతే పోతాడు, లేకపోతే లేదు. అది మన పని కాదమ్మా."

"మరి రంగు వేసేదెందుకు? దారిలో పట్టుకోడానికి ఆనవాలుగా ఉంటుందనా?"

చౌధరి ఇద్రీస్‌తో, "ఒరేయ్, నీ పెళ్ళాన్ని కూర్చోమను" అన్నాడు. ఇద్రీస్ చాలాసేపు ఆలోచించాడు. తర్వాత తనే లేచి ఆమె పక్కన నిలబడ్డాడు.

కొన్నాళ్ళకి ధన్నా వచ్చాడు. గంగా యమునల నడిమి దోఆబ్ పల్లెలనుంచి ఎద్దులమీద ధాన్యం మోసుకొచ్చే మనిషి. ఎద్దుల్ని షహ్నా మనుషులు తోలుకుపోయారు. వాటి మెడల్లోంచి తీసుకున్న గంటలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్రీస్ ఏ రంగు అని అడిగాడు. ధన్నా ఎరుపు అన్నాడు. ఇద్రీస్ ఎవరి చెవిలోనూ ఏమీ వెయ్యకుండా మంజిష్ఠ వేళ్ళ రంగులో ముంచి ఎర్రటి అంగీ ఇచ్చాడు.

ధన్నా కోటదాకా చేరలేదు. కోటకు పోయే బాట మొదట్లోనే షహ్నా మనుషులు పట్టుకుని, అంగీ చింపి, కాళ్ళు వాచేలా కొట్టి వదిలారు. తర్వాత రంగరేజుల వీధికి వచ్చారు. జైతూన్ ఇంటి బానలన్నీ మట్టితో మూసి ముద్రలు వేశారు. ఇద్రీస్‌ను తీసుకుపోయి సంత వెనక కొట్లో పెట్టారు. అతనితో గానీ అతని పెళ్ళాంతో గానీ రంగుపని చేసినవాడికి ఇదే గతి అని చాటించి మరీ వెళ్ళారు.

జైతూన్ పిల్లను చంకన వేసుకుని షహ్నా కచేరీకి పోయింది. తుగాన్ మర్యాదగానే మాట్లాడాడు. పిల్లకి ఖర్జూరం ఇచ్చాడు. జైతూన్ దాన్ని పిల్ల చేతిలోంచి తీసి బల్లమీద పెట్టేసింది. ఇకమీద చెవిన వేసే పని చేస్తానని ఇద్రీస్ వీధివాళ్ళముందు ప్రమాణం చేస్తే చాలు, ఆ పూటే వదిలేస్తానన్నాడు. వాడు మొండికేశాడు, నువ్వు వెళ్ళి నచ్చజెప్పమని తనే కొట్టు దగ్గరికి పంపించాడు.

కొట్టు కిటికీలో ఇద్రీస్ ముఖం కనిపించింది. ఒక కన్ను మూసుకుపోయి ఉంది. పిల్ల తండ్రిని గుర్తుపట్టలేక ఏడ్చింది. కాపలావాడు వింటున్నాడని తెలిసే జైతూన్ గట్టిగా చెప్పింది.

"ఒప్పుకోమని నీకు చెప్పమన్నారు. చెప్పాను. ఇక నా మాట విను. ఒప్పుకున్నావంటే ఇంటికి రావద్దు."

ఇద్రీస్ పగిలిన పెదవులతోనే నవ్వాడు. "పిల్లకి పాలు సరిపోతున్నాయా?" అని మాత్రం అడిగాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎవరూ చూడని సందులో గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంత మాట ఎందుకన్నాను, రేపు ఈ మనిషికి ఏదైనా అయితే ఈ పిల్లకి ఏం చెప్పను అనుకుంది. అన్నమాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆమెకు తోచలేదు. అన్నమాట కాపాడుకోవాలంటే అతన్ని బయటికి తేవాలి. అతన్ని బయటికి తేవాలంటే తను రంగు అంగీతో కోట ఆవరణలో నిలబడాలి. తన బానలకు ముద్రలున్నాయి. వీధిలో ఒక్కరూ తన గుడ్డ ముట్టుకోరు. ఎలాగో రంగు వేసుకున్నా, బాట మొదట్లో షహ్నా మనుషులు రంగు కోసమే కాచుక్కూర్చున్నారు.

ఆ వారంలో సకీనాకి కడుపులో నొప్పి పట్టింది. జైతూన్ కరక్కాయ అరగదీసి నాకించింది. పిల్ల గిన్నె తన్నేసింది. ఆ కరక్కాయ నీళ్ళన్నీ తల్లి దుపట్టామీద పడి, లేత మట్టిరంగు మచ్చ అయింది. పిల్ల ఆ తడి కొంగునే పిడికిట పట్టుకుని నిద్రపోయింది. లేచేసరికి కొంగుమీద నల్లటి గీతలున్నాయి. దిష్టి తగలకుండా పిల్ల చేతికి వేసిన ఇనప కడియం తడిగుడ్డకి ఒరుసుకున్న చోటల్లా నలుపు దిగింది.

మొదట జైతూన్ పిల్లమీద విసుక్కుంది. ఉన్నదే ఒక మంచి దుపట్టా అంది. తర్వాత గుడ్డను వెలుతురులో పట్టుకుని చూసింది. రంగరేజుల వీధిలో ఇది ఎవరికీ తెలియనిది కాదు. కరక్కాయ పట్టించిన గుడ్డకి ఇనుము ఊరిన పులుసునీళ్ళు తగిలితే కన్ను మూసి తెరిచేలోగా నల్లబడుతుంది. గుర్రాల జీనుగుడ్డలకి అంచులు అలాగే వేస్తారు. అయితే వీధిలో ఎప్పుడైనా గుడ్డకి రంగు వేశాకే గడప దాటిస్తారు. రంగుని గుడ్డలో నిద్రపుచ్చి బయటికి పంపి, ఎక్కడో వేరేచోట లేపొచ్చని ఎవరికీ తోచే అవసరం రాలేదు.

ఆమె సాలిహ్ భిస్తీ దగ్గరికి పోయింది. తోలుసంచితో ఊరికి, కోట ఆవరణకి నీళ్ళు పోసే ముసలాయన. షహ్నా మనుషులు కూడా ఆయన చేతినీళ్ళే తాగుతారు కాబట్టి ఆయన్ని ఎక్కడా ఆపరు. ఇనుము ఊరిన నీళ్ళు ఆవరణలోకి మోసుకురావాలన్న సంగతంతా విని ఆయన గడ్డం గోక్కున్నాడు.

"నా సంచిలో పోశావంటే తోలు కూడా నల్లబడి చస్తుందే."

"సొరకాయ బుర్రలో పోస్తాను చాచా. భుజాన తగిలించుకో."

"పట్టుబడితే?"

"పట్టుబడితే నువ్వూ ఒక అంగీ తీసుకురా. నీకూ వేస్తాను."

ముసలాయన నవ్వాపుకోలేక దగ్గాడు. దగ్గు తగ్గాక సరే అన్నాడు.

గుర్రాలకు లాడాలు కొట్టేవాడి దగ్గర తుప్పుముక్కలు ఏరుకొచ్చి, బెల్లం నీళ్ళలో, పులిసిన గంజిలో నానేసి, పిల్లకి అందకుండా చూరుకు వేలాడదీసింది. అది ఊరడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆ కొన్నాళ్ళూ కొట్లో మనిషి ఎలా ఉన్నాడో తెలీదు. రోజూ కుండమూత తీసి వాసన చూసి, మళ్ళీ మూసేది. ఈలోగా కరక్కాయ పొడి చాలదని తేలింది. అడగడానికి వీధిలో ఎవరి గుమ్మం తొక్కినా వాళ్ళకి చేటు. ఒకరోజు చౌధరి భార్య ఫాతూ ఖాలా కాలువ దగ్గర ఆమె పక్కన చతికిలబడి, కొంగుముడి విప్పి, ఒక మూట వదిలింది.

"పిల్లకి కడుపునొప్పటగా" అంది, ముఖం చూడకుండా.

"ఇంత పొడా ఖాలా? పిల్ల కడుపా, ఏనుగు కడుపా?"

"నోరు మూసుకుని పట్టుకుపో" అని ఖాలా లేచి వెళ్ళిపోయింది.

దర్బారు రోజు వచ్చింది. జైతూన్ తన అంగీ ఒకటి, కబురు పెట్టి పిలిపించిన ధన్నా కోసం ఇంకొకటి కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఉంచింది. అవి తెలుపూ కావు, మరే రంగూ కావు. ఉతకడం రాని ఇంట్లో బట్టల్లా ఉన్నాయి. బాట మొదట్లో కాపలావాడు ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"రంగరేజుదానివి గదా, నీ బట్టలకి ఈ మురికేంటే?"

"బానలకి ముద్రలేశారు కదయ్యా. ఉతుక్కోడానికి కూడా లేదు."

వాడు పళ్ళికిలించి దారి వదిలాడు. వెనక కుంటుతూ వచ్చిన ధన్నాని గుర్తుపట్టి ఆపాడు గానీ, మురికి అంగీని అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్రగా ఏమీ లేకపోయేసరికి పోనిచ్చాడు.

ఆవరణ నిండా జనం, అంతా తెలుపు. ఒక్క రంగు లేదు. మెట్లమీద నిలబడ్డ హాజిబ్ ఆ తెలుపును చూసి సంతృప్తిగా తలాడిస్తున్నాడు. ఊళ్ళో అన్యాయమన్నదే లేదని లోపలికి కబురు పంపబోతున్నాడు కూడా. అప్పుడు సాలిహ్ భిస్తీ నీళ్ళు పోస్తున్నట్టే వచ్చి, సొరకాయ బుర్ర జైతూన్ చేతికిచ్చాడు. ఆమె పిల్లను ఆయన చేతుల్లో పెట్టింది. పిల్లమీద చుక్క పడకూడదు. బుర్ర వంచి భుజాలమీద పోసుకుంది.

పక్కనున్నవాళ్ళు చప్పున తప్పుకున్నారు. భుజాలనుంచి నలుపు కిందికి పాకింది. నీళ్ళు ఎంతవరకు తడిపాయో అంతవరకు, కాటుక కారినట్టు. మిగిలింది ధన్నామీద పోసింది. తెల్లటి గుంపు మధ్యలో ఇద్దరు నల్లటి మనుషులు నిలబడ్డారు. జనం చుట్టూ ఖాళీ వదిలి వెనక్కి జరిగారు. ఆ ఖాళీవల్లనే మెట్లమీదికి ఇంకా బాగా కనబడ్డారు.

హాజిబ్ దిగి వచ్చాడు. ఇదేం గారడీ అన్నాడు. చట్టం రంగు అంటుంది, నలుపు రంగు కాదు, రంగు లేకపోవడం అన్నాడు. చుట్టూ ఉన్న గుమాస్తాలు అవునవునన్నారు.

జైతూన్ ఆయన తలవైపు చూసింది. సుల్తాను కూడా తలవంచే బాగ్దాదు ఖలీఫా పంపిన గౌరవమని ఆయన పండగలకీ దర్బారుకీ చుట్టుకునే తలపాగా అది, నిగనిగలాడే నలుపు.

"హుజూర్ తలమీద ఉన్నది రంగు కాదని ఒక్క మాట అనండి. ఇప్పుడే ఇంటికి పోతాను."

ఎవడో వెనక కిసుక్కుమన్నాడు. హాజిబ్ చెయ్యి తనకు తెలియకుండానే తలపాగామీదికి పోయింది. ఖలీఫా రంగును రంగు కాదని దర్బారు ముందు నిలబడి అనగలిగేవాడు ఢిల్లీలో లేడు. హాజిబ్ పక్కకు తప్పుకుని, లోపలికి దారి చూపించాడు.

లోపల విన్నారు. జైతూన్ చెప్పింది, ధన్నా చెప్పాడు. గంటలు బయట పెట్టాడు. న్యాయం చూసే అమీర్ ఇద్రీస్‌ను వదలమని, ఎద్దులు తిరిగిమ్మని ఉత్తర్వు వేశాడు. అదంతా అనుకున్నదానికన్నా త్వరగా అయిపోయింది. బయటికి వచ్చేసరికి హాజిబ్ మనిషి మడత విప్పని కొత్త తెల్ల అంగీలు రెండు పట్టుకుని నిలబడ్డాడు. ఫిర్యాదు తీరినవాళ్ళు రంగు విప్పేసి ఇవి తొడుక్కుని పోవాలి, ఆనవాయితీ అన్నాడు.

"తీరిందా? ఉత్తర్వు ఎవరికి పోతుంది?" అని అడిగింది జైతూన్.

"షహ్నాకి."

"ఎప్పుడు వదులుతాడు?"

"వీలు చూసుకుని వదులుతాడు. నువ్వు అంగీ తొడుక్కో."

అప్పుడు ఆమెకు అంతా అర్థమైంది. ఈ తెల్ల అంగీ తొడుక్కుంటే తను మళ్ళీ వేలాదిమందిలో ఒకతె. షహ్నాకి వీలు ఏడాదికి చిక్కినా అడిగేవాడుండడు. ఆమె పిల్లను భిస్తీ చేతుల్లోంచి తీసుకుని, ఆవరణ మధ్యలో, నల్లటి అంగీతోనే కూర్చుంది.

"నా మొగుడు ఇక్కడికి నడిచొచ్చాక తొడుక్కుంటాను."

లాగేద్దామంటే ఆవరణలో రంగు తొడుక్కున్నవాళ్ళని ముట్టకూడదని అదే చట్టం. ధన్నా కూడా పక్కన కూర్చున్నాడు. "ఎద్దులొచ్చేదాకా నేనూ ఇక్కడే అక్కా" అన్నాడు. లోపలికి వెళ్ళే ప్రతి అమీరూ, ప్రతి రాయబారీ ఆగి, ఎవరీ నల్లమ్మాయి అని హాజిబ్‌ను అడగసాగాడు. మొదటిసారి హాజిబ్ చిరునవ్వుతో జవాబు చెప్పాడు. తర్వాత చిరునవ్వు పోయింది. ఆ తర్వాత అడిగేవాళ్ళకంటే ముందు తనే పక్కకు చూశాడు. పిల్ల ఏడ్చింది, పాలు తాగింది, ఆవరణ రాళ్ళమీద పాకింది. ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి హాజిబ్ తన గుర్రపుమనిషినే షహ్నా కచేరీకి పంపాడు. వీలు దొరికిందా లేదా అడిగి, దొరక్కపోతే దొరికించి రమ్మన్నాడు.

పొద్దు వాలుతుండగా ఎద్దులు ముందు వచ్చాయి. ధన్నా వాటి మెడలు కావిలించుకుని ఏదో గొణిగాడు. వెనక ఇద్రీస్ వచ్చాడు. చిక్కిపోయి, ఎండకి కళ్ళు చికిలించుకుంటూ. జైతూన్ లేచి నిలబడింది. చాలాసేపు కూర్చున్నందుకు కాళ్ళు మొద్దుబారి తూలింది. అతను పట్టుకున్నాడు.

"ప్రమాణం చేశావా?" అని అడిగింది.

"ఇంటికి రావద్దన్నావుగా" అన్నాడు ఇద్రీస్. "చెయ్యలేదు."

హాజిబ్ మనిషి తెల్ల అంగీతో మళ్ళీ వచ్చాడు. ఆమె దాన్ని తీసుకుని, మడత విప్పకుండా పిల్ల కింద పరుపులా పరిచి, పిల్లను మొగుడి చేతికి అందించింది. నల్ల అంగీతోనే బాట పట్టింది. చుట్టుదారి ఉన్నా ధాన్యం సంత మధ్యనుంచే నడిచింది. దారిలోకి చొచ్చుకొచ్చిన షహ్నా కచేరీ మెట్లమీద పొద్దుటి కాపలావాడే నిలబడి ఉన్నాడు. సంతలో జనం తూకాలు ఆపి చూస్తున్నారు. వాడికి ఏదో ఒకటి అనక తప్పలేదు.

"ఫిర్యాదు తీరింది గదా. ఇంకా ఆ రంగెందుకే?"

జైతూన్ ఆగింది. వాణ్ణి పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది.

"అది తీరింది. నీమీద కొత్తది పెట్టాలా వద్దా అని ఆలోచించుకుంటున్నా."

వాడు మెట్టు దిగి, దారి వదిలి నిలబడ్డాడు.